వజ్రాయుధం గీసిన ఇల్లాలు

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనం నకారా గారి కేసు చెప్పుకుంటాం. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు ఆ తీర్పు ఇచ్చి ఉండకపోతే, పింఛను అనేది సర్కారు వారి దయాధర్మమన్న మాట మనం ఇంకా ఎన్నాళ్ళు వినవలసి వచ్చేదో! ఆ సంగతి నా తర్వాత మాట్లాడే మిత్రులు చెబుతారు. లెక్కలూ, జి.వో.ల నెంబర్లూ ఆయనకు వచ్చినట్టు నాకు రావు. కార్యదర్శి గారు నాకు వేరే పని అప్పగించారు. "నువ్వు పాతికేళ్ళు సైనికుల సెక్షన్లో పనిచేశావు. ఈ నెల 7న జెండా దినం కూడా అయింది. ఒక సైనికుడి ఇల్లాలిని గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. నాలుగు మాటలతో సరిపెట్టే అలవాటు నాకు లేదని ఆయనకు తెలుసు. అయినా అన్నారు కాబట్టి బాధ్యత ఆయనదే.

ఆవిడ పేరు సావిత్రీబాయి ఖానోల్కర్. ఈ పేరు ఎంతమంది విన్నారో చేతులెత్తమని అడగను. ఉద్యోగంలో చేరిన పదిహేనేళ్ళకు గాని నా చెవినీ పడలేదు. కాని ఆవిడ చేతి పనిని మీరందరూ చూశారు. రాష్ట్రపతి గారు సైనికుల గుండెల మీద పెట్టే పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర, అశోక చక్ర, ఇవన్నీ ఆవిడ రూపకల్పనలే. పత్రికల వాళ్ళు ఆవిడను గురించి ఎప్పుడు రాసినా "పతకం గీసిన విదేశీ వనిత" అని రాస్తారు. విదేశీ అంటే ఆవిడకు కోపం వచ్చేదట. పైగా ఆ ఒక్క ముక్కతో ఆవిడ జీవితం పూర్తి కాదు.

ముందు నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. అది చెప్పకపోతే ఈవిడ మీద నాకంత గౌరవం ఎందుకో మీకు బోధపడదు.

నేను గుమాస్తాగా చేరింది 1972లో, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో. బంగ్లాదేశ్ యుద్ధం అయిపోయి ఏడాది కూడా కాలేదు. మా ఆఫీసు పేరు అప్పట్లో బారెడు పొడవుండేది. సోల్జర్స్, సెయిలర్స్ అండ్ ఎయిర్‌మెన్స్ బోర్డు. తర్వాత సైనిక్ బోర్డు అయింది, సైనిక సంక్షేమ కార్యాలయం అయింది. పేర్లు మారాయి గాని బీరువాలు అవే. మన వైపు సైన్యం అనేది వింత మాట కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపిన ఊరది. అటువంటి జిల్లాలో ఆ సెక్షన్ గుమాస్తా బల్ల ఎదుట ఉన్న బెంచీ ఏనాడూ ఖాళీగా ఉండదు. దాని మీద కూర్చున్నవాళ్ళలో సగానికి సగం ఆడవాళ్ళే.

అప్పుడప్పుడు పతకాలు వచ్చేవి. తూర్పున యుద్ధం చేసినవారికి పూర్వీ స్టార్, పడమట చేసినవారికి పశ్చిమీ స్టార్, ఇంకా సంగ్రామ్ మెడల్. మనిషి ఉంటే అతనే వచ్చి తీసుకొని, సెల్యూట్ చేసి వెళ్ళేవాడు. మనిషి లేకపోతే ఆ పెట్టె విప్పేది తల్లో, పెళ్ళామో. ఒక ముసలమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకొని బరువు చూసి, "ఇది తాకట్టు పెడితే ఏపాటి వస్తుంది బాబూ?" అని అడిగింది. పక్క బల్ల మీద ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ఇంట్లో గింజలు లేవు. ఆ పతకం మీద ఆవిడకు అగౌరవమేమీ లేదు. నెల తిరగకుండా పింఛను ఆర్డరు వచ్చి ఉంటే ఆ మాట ఆవిడ నోట రాకపోను. ఇటువంటివి చూసిన కళ్ళతోనే సావిత్రీబాయి కథ చదివాను నేను.

ఆవిడ 1913 జూలై 20న స్విట్జర్లాండులోని న్యూషాటెల్ అనే పట్నంలో పుట్టారు. పుట్టినప్పటి పేరు ఈవ్ ఇవాన్ మాదే. తండ్రి హంగేరీ దేశస్థుడు, తల్లి రష్యన్. తండ్రి జెనీవాలో సమాజశాస్త్రం చెప్పే ఆచార్యుడు, నానాజాతి సమితి గ్రంథాలయంలో కూడా పనిచేశారు. తల్లి చిన్నతనంలోనే పోయింది. తల్లి లేని పిల్లకు తండ్రి పుస్తకాలే తోడు. ఆ పుస్తకాల్లోనే మన దేశం ఆవిడకు మొదట కనపడింది. ఇంగ్లండులో శాండ్‌హర్స్ట్ సైనిక విద్యాలయంలో చదువుతూ సెలవులకు అటు వెళ్ళిన విక్రం ఖానోల్కర్ అనే మహారాష్ట్ర యువకుడు 1929లో పరిచయమయ్యాడు. అప్పటికి ఆ పిల్లకు పదహారేళ్ళు. వయసులో పెద్దవాడు, దేశం కాని దేశంవాడు అని తండ్రి ఒప్పుకోలేదు. ఏ తండ్రి ఒప్పుకుంటాడు? అందులో ఆయన తప్పు నాకు కనపడదు.

చదువు ముగించుకొని విక్రం 5/11 సిక్కు రెజిమెంటులో చేరి ఔరంగాబాదు వచ్చారు. ఔరంగాబాదు అప్పట్లో నిజాం గారి హైదరాబాదు రాజ్యంలోది. 1956 దాకా మన హైదరాబాదుతోనే కలిసి ఉంది, ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్ అంటున్నారు. 1932లో ఆ అమ్మాయి ఓడెక్కి ఈ దేశం వచ్చేసింది. లక్నోలో పెళ్ళి. ఈవ్ అనే పేరు పోయి సావిత్రి అయింది. మన ఇళ్ళల్లో సావిత్రి కథ చెప్పని ముత్తైదువ ఉండదు, యముడి వెంట నడిచిన ఇల్లాలు. సైన్యంలో పనిచేసే మనిషిని కట్టుకున్న పిల్లకు ఆ పేరు ఎవరు ఎంచారో గాని, బరువైన పేరు.

పెళ్ళయ్యాక మాంసాహారం మానేశారు. నూలు చీరలు కట్టారు. మరాఠీ, హిందీ, సంస్కృతం నేర్చుకున్నారు. భర్తకు పాట్నా బదిలీ అయితే అక్కడి విశ్వవిద్యాలయంలో చేరి సంస్కృతం, వేదాంతం, ఉపనిషత్తులు చదువుకున్నారు. ఉదయ్ శంకర్ గారి దగ్గర నాట్యమూ కొంత నేర్చుకున్నారు.

ఇక్కడ ఒక్క మాట. బదిలీలంటే ఏమిటో ఈ సభలో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. మా ఆవిడ ముప్పై ఏళ్ళలో ఏడిళ్ళు మారింది, అవన్నీ ఒక్క జిల్లాలోనే. ప్రతి ఊళ్ళోనూ పాలవాడు, నీళ్ళు, పిల్లల బడి మళ్ళీ మొదటి నుంచి. మిలటరీ వాళ్ళకు ఆ బదిలీలు భాష మారే దూరానికి ఉంటాయి. భర్త సరిహద్దుకు పోతే ఇల్లాలు క్వార్టర్లో పిల్లలతో ఒంటరిది. అట్లాంటి చోట బదిలీని చదువుకు సందుగా మలుచుకున్న మనిషి ఈవిడ. వెళ్ళిన ప్రతి ఊరి నుంచి ఏదో ఒకటి మూట కట్టుకొని వచ్చారు. తర్వాత ఆ మూటే దేశానికి పనికివచ్చింది.

1947 వచ్చింది. దేశం రెండయింది. రైళ్ళ నిండా కాందిశీకులు. ఆగస్టులో స్వాతంత్ర్యం వస్తే అక్టోబరుకల్లా కాశ్మీరులో యుద్ధం. సావిత్రీబాయి ఆ రోజుల్లో విభజనలో ఇళ్ళూ వాకిళ్ళూ పోగొట్టుకున్నవారి కోసం, సైనికుల కుటుంబాల కోసం, భర్తలను పోగొట్టుకున్న స్త్రీల కోసం పనిచేశారు. ఇది చరిత్ర పుస్తకాల్లో ఒక్క వాక్యంగా ఉంటుంది. పతకం గురించి పేజీలు రాస్తారు, దీనికి ఒక్క వాక్యం. నేను గుమాస్తాను కాబట్టి ఆ ఒక్క వాక్యంలో ఎన్ని మెట్లు ఎక్కి దిగడం, ఎన్ని దరఖాస్తులు, ఎన్ని కన్నీళ్ళు ఉంటాయో నాకు తెలుసు.

యుద్ధంలో మనవాళ్ళు పోతున్నారు, వాళ్ళకు ఇవ్వడానికి మన పతకం అంటూ లేదు. విక్టోరియా రాణి గారి పేరున్న పతకం స్వతంత్ర దేశం ఎట్లా ఇస్తుంది? కొత్తవి తయారుచేయించే పని అడ్జుటెంట్ జనరల్ మేజర్ జనరల్ హీరాలాల్ అటల్ గారి మీద పడింది. ఆయన పెద్ద చిత్రకారుల దగ్గరకు పోలేదు. తోటి అధికారి భార్య, సంస్కృతం వచ్చిన మనిషి, పురాణాలు తెలిసిన మనిషి అని సావిత్రీబాయిని అడిగారు.

ఆవిడ దధీచి మహర్షిని తీసుకున్నారు. వృత్రాసురుడిని చంపడానికి ఏ ఆయుధమూ పనికిరాకపోతే దేవతలు వెళ్ళి దధీచిని ఎముకలు అడిగారు. ఆయన యోగంలో కూర్చొని శరీరం విడిచి ఇచ్చాడు. ఆ ఎముకలతో చేసినదే ఇంద్రుడి వజ్రాయుధం. మన తెలుగు భాగవతంలో ఆరో స్కంధంలో ఉంది ఈ కథ. అది పోతన గారిది కాదు, ఏర్చూరి సింగన గారిది. చాలామంది పోతన గారి ఖాతాలో వేస్తారు, అందుకని చెప్పాను. పరమవీర చక్ర మీద నడుమ మన నాలుగు సింహాల చిహ్నం, దాని చుట్టూ నాలుగు వజ్రాయుధాలు. పతకం కంచుది. బంగారమూ కాదు, వెండీ కాదు. అడ్డంగా కొలిస్తే మూడున్నర సెంటీమీటర్లు, అంతే. పైన సాదా ఊదా రంగు పట్టీ. వెనకవైపు హిందీలో, ఇంగ్లీషులో పేరు, నడుమ రెండు తామరపూలు.

నా ఊహ ఒకటి చెబుతాను. ఊహేనని ముందే మనవి చేస్తున్నాను. పులినో, గండభేరుండాన్నో, పరాక్రమం అంటే ఠక్కున తోచే మరో బొమ్మనో గీసి ఉండవచ్చు. ఆవిడ పట్టుకున్నది శత్రువును కొట్టినవాడిని కాదు, అడిగితే ఎముకలు ఇచ్చినవాడిని. ఇంద్రుడు మళ్ళీ స్వర్గానికి వెళ్ళి సింహాసనం ఎక్కాడు. దధీచి తిరిగి ఆశ్రమానికి రాలేదు. పురాణాల్లో దధీచికి ఇల్లాలు ఉంది, కొడుకు ఉన్నాడు. వాళ్ళ సంగతి హరికథ చెప్పేవాళ్ళు ఎక్కువగా చెప్పరు. సైనికుల ఇళ్ళల్లో తిరిగిన మనిషికి వాళ్ళ సంగతి తట్టకుండా ఉంటుందా? ఇప్పటివరకు 21 మందికి పరమవీర చక్ర ఇచ్చారు. అందులో 14 మంది ప్రాణం పోయాకే అందుకున్నారు. అంటే మూడింట రెండు పాళ్ళు ఆ కంచు బిళ్ళ వెళ్ళింది ఇంట్లోవాళ్ళ చేతికి.

1950 జనవరి 26న, రిపబ్లిక్ అయిన రోజునే, ఈ పతకాలను అధికారికంగా నెలకొల్పి 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేట్టు చేశారు. మొదటి పరమవీర చక్ర కుమావ్ రెజిమెంటు నాలుగో బెటాలియన్‌కు చెందిన మేజర్ సోమనాథ్ శర్మ గారిది. చెయ్యి విరిగి కట్టుతో ఉన్నా యుద్ధానికి వెళ్ళి 1947 నవంబరు 3న శ్రీనగర్ విమానాశ్రయాన్ని కాపాడే పోరులో బడ్‌గాం దగ్గర ప్రాణం వదిలారు. విచిత్రం ఏమిటంటే సావిత్రీబాయి పెద్ద కూతురి భర్త ఈ సోమనాథ్ శర్మ గారి తోడబుట్టినవాడే. ఆవిడ గీసిన బొమ్మ మొట్టమొదట ఆవిడ వియ్యాలవారి ఇంటికే చేరింది. దేశం కోసం గీశాననుకున్నది కూతురు కాపురం చేసే ఇంట్లో కనపడుతుంటే ఆ తల్లికి ఎట్లా ఉండేదో!

1952లో విక్రం ఖానోల్కర్ గారు పోయారు. అప్పటికి మేజర్ జనరల్. సావిత్రీబాయికి నలభై నిండలేదు. పుట్టింటికి పోదామంటే ఆవిడకు పుట్టిల్లు సముద్రాల అవతల. పోలేదు. ఇక్కడే ఉన్నారు. రామకృష్ణ మఠం వారి ఆశ్రయంలో మనశ్శాంతి వెతుక్కున్నారు. మహారాష్ట్ర సాధుసంతుల మీద ఒక పుస్తకం, సంస్కృత నామాల మీద ఒక నిఘంటువు రాశారు. భర్త పోయాక 38 ఏళ్ళు బతికి 1990 నవంబరు 26న కన్నుమూశారు. 77 ఏళ్ళ జీవితంలో సైనికాధికారి భార్యగా ఉన్నది ఇరవై ఏళ్ళు. సైనికుడి వితంతువుగా ఉన్నది దానికి దాదాపు రెండింతలు. ఈ లెక్క నా బల్ల ముందు బెంచీ మీద కూర్చున్న ప్రతి మనిషికీ వర్తించేది. పెళ్ళయి నాలుగేళ్ళు, వితంతువుగా నలభై ఏళ్ళు. మనం మాత్రం వాళ్ళను ఆ నాలుగేళ్ళ పేరుతోనే ఫైళ్ళలో రాస్తాం. లేట్ సిపాయి ఫలానా భార్య, లేట్ నాయక్ ఫలానా భార్య.

సావిత్రీబాయి గారి గొప్పతనం అంటే పెద్ద ఇంటి మనిషి, చదువుకున్న మనిషి, ఆవిడకేం అంటారేమో. అందుకని మా జిల్లాలోనే నేను ఎరిగిన ఒకావిడను గురించి కూడా చెప్పాలి. ఊరూ పేరూ చెప్పను, ఆవిడ ఇంట్లోవాళ్ళు ఇష్టపడరు. మెట్ట ప్రాంతపు ఊరు. భర్త సిపాయి, 1971 డిసెంబరులో తూర్పు రంగంలో పోయాడు. ఆవిడకు అప్పుడు పాతికేళ్ళు ఉంటాయేమో, చంకలో ఒక మగపిల్లాడు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. మొదట్లో నన్ను గుమాస్తా బాబు అనేది, రెండేళ్ళు తిరిగేసరికి తమ్ముడూ అనడం మొదలుపెట్టింది. నేను అక్కయ్యగారూ అనేవాణ్ణి.

సంతకం తప్ప రాయడం రాదు. కాని కాగితాల వాసన పట్టేది. పింఛను రావాలంటే ముందు రికార్డు ఆఫీసు నుంచి కాగితాలు కదలాలి. అది వెల్లింగ్టన్ కావచ్చు, నాసిక్ కావచ్చు, జబల్‌పూర్ కావచ్చు. అక్కడి నుంచి అలహాబాదు వెళ్ళాలి. అక్కడ ఆర్డరు అయితే మన ఖజానాకు రావాలి. ఎక్కడ ఒక అక్షరం తేడా వచ్చినా మళ్ళీ మొదటికి. మనవాళ్ళ పేర్లు రెజిమెంటు గుమాస్తాలు వాళ్ళ నోటికి పలికినట్టు ఇంగ్లీషులో రాసేవారు. వెంకాయమ్మ కిండ్రెడ్ రోల్‌లో వంకమ్మ అయ్యేది, సూరమ్మ సురామా అయ్యేది. ఊళ్ళో కరణం రాసిన పత్రంలో ఇంకో విధంగా ఉండేది. ఆ రెండూ ఒక్క మనిషేనని నిరూపించుకోవాలి, అది కూడా బతికున్న మనిషి ఎదురుగా కూర్చొని ఉండగా.

ఈవిడ పింఛను 1972 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త ఉత్తర్వు ప్రకారం వచ్చింది. యుద్ధంలో పోయినవారి కుటుంబాలకు మెరుగైన పింఛను ఇచ్చిన ఉత్తర్వు అది. తన పని అయిపోయాక మామూలుగా ఎవరూ ఆఫీసు వైపు చూడరు. ఈవిడ మరుసటి నెల మరొక ఆడమనిషిని వెంటబెట్టుకొని వచ్చింది. ఆ తర్వాత ఇంకొకావిడను. బియ్యం సంచీ గుడ్డతో కుట్టిన ఒక చేతిసంచీ ఉండేది, అందులో ఎవరి కాగితాలు వాళ్ళవి వేరువేరు దారాలతో కట్టి ఉండేవి. తెల్లదారం పింఛను వచ్చినవాళ్ళది, ఎర్రదారం రానివాళ్ళది. మా సూపరింటెండెంటు గారు ఆ పద్ధతి చూసి మా సెక్షన్‌లో కూడా ఫైళ్ళు అట్లాగే కట్టమన్నారు. నిజం చెబుతున్నాను.

ఒకసారి ఒక కార్యాలయంలో, ఎక్కడన్నది ఇప్పుడెందుకు లెండి, ఒక బాలింతను మూడుసార్లు తిప్పారు. నాలుగోసారి ఈవిడ వెంట వెళ్ళింది. అధికారితో పోట్లాడలేదు. పసిపిల్లను ఆయన బల్ల మీద పడుకోబెట్టి, "అయ్యా, దీని తండ్రి సంతకం పెట్టడానికి రాలేడు, దీని వేలిముద్ర వేయించుకోండి" అంది. ఆ సాయంత్రానికి కాగితం కదిలింది.

అత్తాకోడళ్ళ తగవులు ఇంకో రకం. కొడుకు పోయిన తల్లికి కడుపుకోత, భర్త పోయిన పిల్లకు బతుకు భయం. డబ్బు దగ్గర రెండూ ఎదురుపడతాయి. పింఛను భార్య పేరున వస్తుంది. ముసలిది నోరు కొట్టుకుంటుంది. ఈవిడ ఆ ఇంటికే వెళ్ళి, అరుగు మీద కూర్చొని, ఇద్దరి చేతా ఒక కంచంలో అన్నం తినిపించి వచ్చిన సంగతి నాకు తెలుసు. అన్నిచోట్లా కుదిరిందని చెప్పను. రెండు ఇళ్ళల్లో ఈవిడ మీదకే కర్రలెత్తారు.

అప్పటి నిబంధన ఒకటి మీకు చెప్పాలి. సిపాయి భార్య మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పింఛను పోతుంది. చనిపోయినవాడి తమ్ముణ్ణో అన్ననో చేసుకొని ఆ ఇంట్లోనే ఉంటే మాత్రం పోదు. పంజాబు వైపు ఆ ఆచారం ఉందట, వాళ్ళకు సరిపోయిందేమో. మన వైపు చాలా ఇళ్ళల్లో వదినంటే తల్లి తర్వాత తల్లి. మరిదికి ఇచ్చి చేయమంటే ముఖాన ఉమ్ముతారు. ఇరవై రెండేళ్ళ పిల్ల పింఛను కావాలంటే ఒంటరిగా ఉండాలి, తోడు కావాలంటే పింఛను వదులుకోవాలి. ఆ నిబంధన రాసినవాళ్ళకు మన ఊళ్ళు తెలియవు. శౌర్య పతకాల మీద వచ్చే నెలసరి భత్యానికి కూడా ఇట్లాంటి షరతే ఉండేది. అది తీసేసింది 2017 నవంబరులో! ఎన్ని బతుకులు ఆ షరతు కింద తెల్లారిపోయాయో లెక్క రాసినవాడు లేడు.

ఈవిడ కొడుకు పెద్దవాడై తానూ సైన్యంలో చేరతానన్నాడు. నేను వద్దని చెప్పమన్నాను. "తమ్ముడూ, నేను వద్దంటే వాడు ఆగుతాడు. తరవాత జీవితాంతం నా మొహం చూడటానికి సిగ్గుపడతాడు" అంది. వెళ్ళాడు. కార్గిల్ రోజుల్లో, 1999లో, రెండు నెలల పాటు ఆవిడ రాత్రిళ్ళు నిద్రపోలేదని కోడలు చెప్పింది. పగలు మాత్రం మామూలుగానే సంచీ పట్టుకొని తిరిగింది. అతను క్షేమంగా వచ్చాడు, సుబేదారుగా రిటైరయ్యాడు. ఆవిడ మొన్న 2023లో, డెబ్బై ఏడో ఏట పోయింది. శవం వెంట నడిచినవాళ్ళలో ఎక్కువమంది తెల్లచీరల వాళ్ళేనని విన్నాను. నేను వెళ్ళలేకపోయాను, మోకాళ్ళు సహకరించవు.

దేశం కూడా కొంత కదిలింది, లేదనను. 1971 యుద్ధం తర్వాత, 1972లో, మోహినీ గిరి గారు యుద్ధ వితంతువుల కోసం సంఘం పెట్టారు. ఆవిడ అప్పటి రాష్ట్రపతి, మన వి.వి. గిరి గారి కోడలు. 2021 నవంబరులో సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారి మహావీర చక్ర ఇచ్చినప్పుడు మీరు టీవీలో చూసే ఉంటారు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో పోయిన వీరుడు. రాష్ట్రపతి కోవింద్ గారి ముందు భార్య, తల్లి ఇద్దరూ పక్కపక్కన నిలబడి కలిసి అందుకున్నారు. ఆ పతకమూ సావిత్రీబాయి గీసిందే. వెండిది, అయిదు కోణాల నక్షత్రం, సగం తెలుపు సగం కాషాయం పట్టీ. ఒక పతకానికి నాలుగు చేతులు. అది చూసి నాకు మా మెట్ట అక్కయ్య ఒక్క కంచంలో అన్నం పెట్టించిన సంగతి గుర్తొచ్చి టీవీ కట్టేసి కాసేపు బయట కూర్చున్నాను.

ఇప్పుడు అసలు పని. రక్షణ శాఖ పింఛన్లన్నీ స్పర్శ్ అనే కంప్యూటర్ పద్ధతిలోకి మారాయి. పద్ధతి మంచిదే కావచ్చు. కాని ఎనభై ఏళ్ళ మనిషి ఏటేటా బతికున్నానని యంత్రానికి చెప్పాలి. నాట్లు వేసి, అంట్లు తోమి అరిగిపోయిన వేలిముద్ర యంత్రానికి ఆనదు. ఆధార్‌లో ఒక పేరు, పింఛను ఆర్డరులో ఒక పేరు. నలభై ఏళ్ళ కిందట రెజిమెంటు గుమాస్తా రాసిన వంకమ్మ ఇప్పుడు కంప్యూటర్ తెర మీద మళ్ళీ లేచి వచ్చింది. ఇది సైనికుల వాళ్ళకే కాదు, మన సర్వీసుల్లో ఉన్న ఫ్యామిలీ పెన్షనర్లందరికీ ఉన్న బాధే. భర్త ఉన్నన్నాళ్ళూ కాగితాలన్నీ ఆయన బీరువాలో ఉంటాయి, తాళంచెవి ఎక్కడుందో ఆవిడకు తెలియదు. మిత్రులారా, మగవాళ్ళకు చెబుతున్నాను, ఇంటికి వెళ్ళగానే మీ పి.పి.ఓ. ఎక్కడుందో మీ ఆవిడకు చూపించండి. అపశకునం అనుకోకండి. నేను పోయినేడే చూపించాను. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు వచ్చి ఫారం ఎట్లా నింపాలో అడిగింది.

అధ్యక్షుల వారికి ఒక విన్నపం. మన సంఘంలో సభ్యుల జాబితా తీస్తే ఫ్యామిలీ పెన్షనర్లు తక్కువేమీ లేరు. కార్యవర్గంలో ఒక్కరూ లేరు. సభల్లో వాళ్ళను వెనక వరసలో కూర్చోబెడతాం, దుప్పటి కప్పి ఫోటో తీసి పంపేస్తాం. వచ్చే ఎన్నికల్లో కనీసం ఇద్దరికి చోటు ఇవ్వాలని రాతపూర్వకంగా తీర్మానం ఇచ్చాను. దాని మీద ఓటు పెట్టండి. వీగిపోతే మళ్ళీ ఏడు మళ్ళీ ఇస్తాను, అంతవరకు ఉంటే.

అక్కచెల్లెళ్ళకు చివరగా ఒక మనవి. సంఘం గదిలో ప్రతి మంగళవారం పది గంటల నుంచి పన్నెండు దాకా నేనూ, ట్రెజరీలో పనిచేసి రిటైరైన మరొక మిత్రుడూ కూర్చుంటున్నాం. పేర్ల తేడాలు, లైఫ్ సర్టిఫికెట్లు, బ్యాంకు మార్పులు, ఏదైనా సరే. మీ పి.పి.ఓ. నకలు, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం తెచ్చుకోండి. కళ్ళద్దాలు మరిచిపోకండి. వచ్చేటప్పుడు పక్కింటావిడ కాగితాలు కూడా పట్టుకురండి. ఎర్రదారం, తెల్లదారం మేమే కొని పెట్టాం.